మా బావ నాగప్ప పుట్టి బేరం

మా బావ నాగప్పకు రెండు వంకాయలు చూపించి ఒకటి తీసుకోమంటే పొద్దు గూకేది. నేను పెంచి చెప్పడం లేదు. ఆదోని సంతలో ఒకసారి రెండు తువ్వాళ్ల ముందు నిలబడ్డాడు. ఇదా అదా అని చూస్తూనే ఉన్నాడు. అంగడాయన విసిగి రెండూ మడిచి మూట కట్టుకుని ఊరికి పోయాడు. మా బావ వట్టి చేతులతో ఇంటికొచ్చి, రెండూ బాగున్నాయని మాత్రం చెప్పాడు. ఇట్లాంటి మనిషికి మా అక్కను ఇచ్చినందుకు మా నాయనను నేను చాలా ఏళ్లు తిట్టుకున్నాను.

నిజానికి మా నాయన ఇచ్చిందీ లేదు. అప్పుడు మా ఇంట్లో పెళ్లికి ఇద్దరుండేవాళ్లు, సుబ్బక్క, ఈరక్క. ఇద్దరినీ చూపించి, ఎవరు నచ్చారప్పా అని అడిగితే ఈయన నేల చూస్తూ కూర్చున్నాడు. మధ్యాహ్నమైంది. పొయ్యి మీద పప్పు అడుగంటింది. చివరికి సుబ్బక్కే బయటికొచ్చి, నేను పోతాలే నాయనా, ముందు వాళ్లకు సంగటి పెట్టండి అంది. అట్లా జరిగింది ఆ పెళ్లి.

నీళ్ల మీద మాత్రం ఆయన వేరే మనిషి. మా ఏటిగడ్డ తిమ్మాపురం తుంగభద్ర ఒడ్డున ఉంటుంది. అక్కడ ఏరు దాటించేది పుట్టి. వెదురు గంపలాగా గుండ్రంగా అల్లి, అడుగున ఎనుముతోలు కప్పి కుడతారు. పన్నెండు మందిని మోస్తుంది. ముందూ వెనకా లేని వస్తువు, కొత్తవాడు గడ పట్టుకుంటే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. మా బావ గడ పట్టుకుంటే, ఏరు కట్టలు తెంచుకుని పోతున్నా, గీత గీసినట్టు అవతలి గట్టుకు పోయేది. పన్నెండేళ్లుగా ఆ రేవు ఆయనదే.

ఆ రేవు మీదే ఆ ఇల్లు బతికేది. ఏరు దాటించినందుకు కళ్లాల కాలంలో ఊళ్లో ఇంటింటి నుంచీ జొన్నలు కొలిచిపోసేవాళ్లు. దాటేవాళ్లకేం కొదవ లేదు. కర్నూలు మన రాష్ట్రానికి రాజధాని అయిన మరుసటేడు సంగతి ఇది. మా గట్టున సర్కారు కల్లు మూయించి ఏళ్లయింది. ఏటికి అవతల హైదరాబాదు రాష్ట్రం, అక్కడ ఈతచెట్ల కింద కల్లుకు కరువే లేదు. సాయంత్రమయ్యేసరికి మా ఊళ్లో సగంమంది మగవాళ్లకు అవతలి గట్టున ఉన్న చుట్టాలు గుర్తుకొచ్చేవాళ్లు. పోయేటప్పుడు పెద్దమనుషుల మాదిరి పుట్టిలో నిలబడి పోయేవాళ్లు, వచ్చేటప్పుడు పడుకుని వచ్చేవాళ్లు.

రేవుకొక కట్టుబాటు ఉంది. ఎండాకాలంలో ఏరు ఎండిపోయి ఇసుకా, మడుగులూ మిగులుతాయి. ముంగారు వానలకు మొదటి ఏరు వచ్చిన రోజు, రేవులో ముందుగా ఎవరి పుట్టి నీళ్ల మీద ఉంటే ఆ ఏడాదంతా రేవు వాళ్లది. గంగమ్మకు మొక్కే ముసలమ్మ హులిగెమ్మ ఆ పుట్టికి పసుపు పూస్తుంది. పసుపు పడితే ఇంక మాట లేదు. రెడ్డయినా, కరణమయినా నోరెత్తడానికి లేదు.

ఆ ఏడు మా బావకు పుట్టే లేకపోయింది. ఎందుకు లేకపోయిందంటే చెప్పడానికి నాకే సిగ్గు. తోలు ఎండకు పగలకుండా ఏదో ఒకటి పూయాలి. ఆముదం పూద్దామా, కొవ్వు పూద్దామా అని ఈయన మాఘమాసం నుంచి ఆలోచన చేశాడు. ఏదీ పూయలేదు. ఉగాదికి తోలు బీటలిచ్చింది, వైశాఖంలో అడుగంతా చీలిపోయింది. ఇది చూసి మా ఊరి గోపన్న, మూడేళ్లుగా ఆ రేవు మీద కన్నేసినవాడు, ఒక కొత్త పుట్టి కుట్టించుకుని ఇసుకలో తెచ్చి పెట్టి, దాని పక్కనే పందిరి వేసుకుని కూర్చున్నాడు.

మా అక్క నన్ను పిలిపించింది. నాకు శనక్కాయ విత్తనం పని నెత్తి మీద ఉంది. అయినా పోయాను. ఆమె నలుగురు పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి గంజి పోస్తోంది.

"మహానందీ, పైగేరిలో రెండు పాత పుట్లు అమ్ముతాండారంట. మీ బావను తోల్కపోయి ఒకటి తెప్పియ్యి. ఆయప్పను ఒక్కణ్ణే పంపిస్తే దసరాకు వస్తాడు" అంది. గంజి పోస్తూనే, "రేవు పోతే ఈ నలుగుర్ని ఎవరింట్లో జీతానికి పెట్టల్లో నాకు తెలీదు" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె నా వైపు చూడలేదు.

ఇంట్లో ఉన్న ఒకే ఒక ఈనిన ఎనుమును బేరానికి తోలుకుని మేమిద్దరం బయలుదేరాం. పైగేరి ఏటి వెంబడి పైకి ఆరు మైళ్లు. దారి పొడుగునా నేను ఒకటే మాట చెప్పాను. పోవాలి, చూడాలి, ఒకటి పట్టాలి, రావాలి. ఆయన అన్నిటికీ తల ఊపాడు.

పైగేరిలో ఆ పుట్లు పెద్ద ఈరన్న, అయ్యన్న అనే అన్నదమ్ములవి. ఆనకట్ట కాలువ కింద మడి దొరికి ఇద్దరూ సేద్యంలో దిగారు, ఇంక ఏటితో పని లేదు. ఆరేళ్ల కిందట ఒకే మేదరి ఒకే వారంలో రెండూ అల్లాడు. జత ఎనుముల తోళ్లు రెంటికీ కప్పారు. ఆ వారం నుంచే గొడవ. నాది గట్టిదంటే నాది గట్టిదని మొదలైన మాట, ఇంటి మధ్య గోడ లేచేదాకా పోయింది. ఆరేళ్లుగా అన్నదమ్ముల మధ్య మాటల్లేవు. పుట్లు మాత్రం గట్టు మీద పక్కపక్కన బోర్లా పడుకుని ఉన్నాయి. చుట్టుకొలత ఒకటే, రంగు ఒకటే. గుర్తుకు అన్న తన పుట్టి అంచుకు ఎర్రగుడ్డ, తమ్ముడు పచ్చగుడ్డ కట్టుకున్నారు. ఆ గుడ్డలు తీసేస్తే కన్నతల్లి కూడా పోల్చలేదు.

రెండు వంకాయలకే పొద్దు గూకే మనిషిని తెచ్చి ఎట్లాంటి చోట పడేశాను రా దేవుడా అనుకున్నాను.

మా బావ రెండు పుట్ల చుట్టూ తిరిగాడు. వేలి కణుపులతో తట్టి చూశాడు, ముక్కు దగ్గర పెట్టి వాసన చూశాడు. తర్వాత గట్టు మీద కూర్చుని, రెండూ బాగున్నాయన్నాడు. నీళ్లలో నానబెట్టి చూడమని నేను చెవిలో చెప్పాను. అది కుదరదన్నాడు. అమ్మేవాడి పుట్టిని కొనేవాడు నానేసి చూపించమని అడగడం ఏటిమీది వాళ్లలో పెద్ద అవమానం. ఇంటికొచ్చిన చుట్టం, కూటి కుండలో చెయ్యి పెట్టి చూసినట్టు. అట్లా అడిగినవాడికి మళ్లీ ఏ రేవులోనూ ఎవరూ పుట్టి అమ్మరు.

ఊరంతా గట్టు మీదికి చేరింది. అప్పుడర్థమైంది నాకు, ఇది పుట్టి బేరం కాదు, ఆరేళ్ల పంచాయతీకి తీర్పు అని. మా బావ ఏది ఎంచితే ఆ ఇల్లు గెలిచినట్టు. పెద్ద ఈరన్న మమ్మల్ని బలవంతంగా తన ఇంటికి తీసుకుపోయి కోడిని కోయించాడు. అది తెలిసి అయ్యన్న సాయంత్రానికి తన ఇంటికి పిలిచి, ఇంకా పెద్ద కోడిని కోయించాడు. మర్నాడు ఒకరింట్లో ఓళిగలు, ఇంకొకరింట్లో ఓళిగల మీద గిన్నెడు నెయ్యి. మూడోనాడు పొద్దునే రెండిళ్ల ఆడవాళ్లూ పొయ్యిల దగ్గర ఒకరి పొగ ఒకరు చూసుకుంటూ వండారు.

ఈయన తిన్నాడు. ఏ ఇంట్లో తింటే ఆ పుట్టిని మెచ్చుకున్నాడు. పోయి గట్టు మీద కూర్చుని మళ్లీ రెండూ బాగున్నాయన్నాడు. పడమట మబ్బు పట్టింది. పైన వానలు పడుతున్నాయని బళ్లవాళ్లు చెప్పిపోతున్నారు. అక్కడ గోపన్న పందిరి కింద కూర్చుని ఉన్నాడు. నాకు తిన్న కోడి ఒంటబట్టలేదు. మూడోనాడు ఆయన చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కుపోయి, నీవు మనిషివా మానువా అని అడిగాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. పళ్లలో ఇరుక్కున్న ఎముక ముక్క తీసుకుంటూ, ఇంకొక పూట చూద్దామన్నాడు.

ఆ పూట అయ్యన్న ఇంట్లో వేడి సంగటి తింటూ, "మీ అన్న పుట్టి ఒక్క తోపుకు పది చుట్లు తిరుగుతాదంట గదా" అన్నాడు. ఒక్క తోపుకు ఎన్ని ఎక్కువ చుట్లు తిరిగితే ఆ పుట్టి అంత గట్టిదని ఏటిమీది వాళ్ల లెక్క. అయ్యన్న మొహం ఎర్రబడింది. అక్కడ నుంచి లేచి పెద్ద ఈరన్న ఇంటికి పోయి, మజ్జిగ తాగుతూ, తమ్ముడి పుట్టి పన్నెండు చుట్లు తిరుగుతుందని ఊళ్లో అనుకుంటున్నారని చెప్పాడు. నేను తల పట్టుకున్నాను. కొనడం చేతకాకపోతే పోయె, కొంపల్లో నిప్పు పెట్టడం కూడా మొదలుపెట్టాడే అనుకున్నాను.

గడియలో రెండు పుట్లూ మడుగులోకి దిగాయి. ఎవరూ అడగకుండానే, వాటి సొంతదారులే దించారు. తిరిగేటప్పుడు కళ్లకు కొడతాయని మా బావ గుర్తుగుడ్డలు రెండూ విప్పించి గట్టు మీద పెట్టాడు. ఒక్కో పుట్టిలో నలుగురెక్కారు, అన్న ఒకదాంట్లో, తమ్ముడు ఒకదాంట్లో. ఊరంతా చుట్లు లెక్కపెట్టింది, ఎవరి లెక్కా కలవలేదు. చివరికి అందరూ తల తిరిగి, కక్కుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని దిగారు. ఎవరు గెలిచారని అడిగితే, కడుపులో ఏమైనా పడితే గాని తన బుర్ర పనిచేయదన్నాడు మా బావ. పుట్లు రెండూ మడుగులోనే ఒక బండకు కట్టి ఎవరిళ్లకు వాళ్లు అన్నానికి పోయారు. బోర్లించి ఆరబెట్టాలన్న మాట ఆ మైకంలో ఎవరికీ గుర్తు రాలేదు.

వాళ్లు కూడు తిని, కాసేపు నడుం వాల్చి తిరిగొచ్చేసరికి పుట్లు రెండూ గాలికి బండ చుట్టూ తిరిగి, ఏది ఎవరిదో తెలియకుండా ఉన్నాయి. గుడ్డలేమో గట్టు మీద ఉన్నాయి.

ముందు పెద్ద ఈరన్న దిగాడు. ఒక పుట్టిలోకి వంగి అడుగున అరచెయ్యి పెట్టి చూశాడు. రెండోదాంట్లోనూ పెట్టి చూశాడు. చూసి, ఆ రెండోదాని అంచు మీద దిట్టంగా కూర్చుని, ఇదే నాది అన్నాడు. అయ్యన్న వచ్చాడు. ఆయనా రెండింట్లో చెయ్యి పెట్టి చూశాడు. అన్న కూర్చున్న పుట్టికే రెండోవైపు ఎక్కి కూర్చున్నాడు.

"నీదెట్లయితాది? ఇది నాది."

ఆరేళ్ల తర్వాత తమ్ముడు అన్నతో అన్న మొదటి మాట అది. ఊరు గుమిగూడింది. మా బావ ఏమీ ఎరగనివాడి మాదిరి తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "మరి ఆ ఇంకోటి ఎవరిదప్పా?" అని అడిగాడు.

ఆ ఇంకోదాంట్లో అడుగున బెత్తెడు నీళ్లు నిలబడి ఉన్నాయి. అన్నదమ్ములు ఇద్దరూ దానివైపే చూడలేదు.

"మీ ఇద్దరూ ఒకేదాన్ని మెచ్చినారు, ఇంక నేను ఎంచేదేముండాది" అన్నాడు మా బావ, మంచి పుట్టి తాడు విప్పుతూ. ఎనుము ఎవరికివ్వాలని అడిగితే, అది ఇద్దరిదీ అన్నాడు. పొద్దున పాలు అన్నకు, సాయంత్రం పాలు తమ్ముడికి. ఆ పుట్టి ఎవరిదో పైగేరిలో ఈ రోజు వరకూ తేలలేదు గాని, ఆ ఎనుము ఉన్నన్నాళ్లూ వాళ్లిద్దరూ ఒకరి పాలు ఒకరు కొలిచి చూసుకోవడానికి రోజుకు రెండుసార్లు దాన్ని కట్టేసే గాటిపాట దగ్గర కలుసుకోక తప్పలేదని తర్వాత విన్నాను.

మేము పుట్టిని నెత్తికెత్తుకుని నడిచి పోదామనుకున్నాం. ఆ పని పడలేదు. పైనుంచి హోరు వినిపించింది, గట్టు మీది ఆడవాళ్లు గంగమ్మా అని దండాలు పెట్టారు. ఎర్రటి నురుగు, ఎండుపుల్లలు, ఎవరి కళ్లంలోదో కొట్టుకొచ్చిన చాటా, వాటి వెనక ఏరు. మడుగు పొంగి మా కాళ్ల కింది ఇసుకను లాగేసింది. మా బావ నన్ను రెక్క పట్టి పుట్టిలోకి విసిరేశాడు, తాను గడ పట్టుకుని దూకాడు.

ఏటితో పాటే పోయాం. నేను అడుగున పడుకుని, ఎరిగిన దేవుళ్లందరికీ మొక్కాను. ఒకచోట లంక అడ్డమొచ్చి ఏరు రెండు పాయలైంది. నేను తలెత్తి చూసేలోపే ఆయన ఎడమ పాయలోకి తిప్పేశాడు. కుడి పాయలో రాళ్ల మీద నీళ్లు ఎగసిపడుతున్న చప్పుడు తర్వాత వినిపించింది. ఈయనకు ఎంచడం రాదని ఎవడన్నాడురా అనిపించింది నాకు. అప్పుడే అనుమానం కూడా వచ్చింది.

"బావా, ఏది మంచిదో నీకు ముందే తెలుసునా?"

"మొదటి దినం తట్టినప్పుడే తెలిసె. అయ్యన్నది కుట్టు కాడ మెత్తబడిండాది."

"మరి ఆ పొద్దే చెప్పింటే అయిపోయేది గదా."

"చెప్తే అయ్యన్న ఊర్లో తలెత్తుకోని ఎట్ల తిరగల్లప్పా? మనం పుట్టి తీస్కోని పోతాం. వాళ్లు ఒకే గోడకు అటూ ఇటూ బతకాల్సినోళ్లు." కాసేపు గడ వేసి, "కూరలు కూడా బాగుండె" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఎవరో పైగేరి అయ్యన్న పరువు కోసం మా అక్క పిల్లల జొన్నలు మూడు రోజులు పణంగా పెట్టాడా ఈయన అని. తిట్టడానికి నోరు తెరిచాను. పుట్టి ఒక్క గింగిరం కొట్టింది, నోరు మూసుకుని మళ్లీ అడుగున పడుకున్నాను.

అందుకే మా రేవు మలుపు తిరిగినప్పుడు నేను ఏమీ చూడలేదు. కేకలు వినిపించి లేచేసరికి మా బావ పుట్టి రేవులో ఉంది. గోపన్న పుట్టీ నీళ్ల మీదే ఉంది, గుంజకు కట్టిన తాడు లాగుతూ. గట్టు మీద ఊరు ఊరంతా అరుస్తోంది. సగంమంది, నాగప్ప వచ్చేసరికి గోపన్న పుట్టి ఇసుక మీదే ఉందంటున్నారు. సగంమంది, కాదు తేలిందంటున్నారు. అసలు సంగతేమంటే ఏరు వచ్చిందనేసరికి అందరూ నీళ్లను చూశారు గాని, గోపన్న పుట్టిని ఎవరూ చూడలేదు. రెడ్డి ఎటూ చెప్పలేక గడ్డం గోక్కున్నాడు. హులిగెమ్మ పసుపు చెంబు పట్టుకుని నిలబడి ఉంది. మా అక్క నలుగురు పిల్లలతో గట్టు చివర నిలబడి ఉంది.

నిలబడి, మొహం ఇటు పెట్టుకుని వచ్చినవాడు మా బావ ఒక్కడే. రెడ్డి ఆయన్నే అడిగాడు.

"గంగమ్మ మీద ఆన పెట్టి చెప్పు నాగప్పా. నువ్వు మలుపు తిరిగేటప్పుడు గోపన్న పుట్టి నీళ్ల మీద ఉండెనా, ఇసుక మీద ఉండెనా?"

ఇసుక మీద ఉంది అంటే చాలు. కాదనేవాడు లేడు. నేను మనసులోనే ఆయన కాళ్లు పట్టుకున్నాను. వంకాయల దగ్గర చేసినట్టు ఒక్క పూట ఆలోచించు బావా, అప్పటిదాకా నేనేదో ఒకటి చెప్తాను అనుకున్నాను. ఆయన కన్ను కూడా ఆర్పలేదు.

"తేలుతాండె" అన్నాడు.

మా అక్క చిన్నదాన్ని చంకకెత్తుకుంది. నాకు ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఏడ్చాను.

హులిగెమ్మ చెంబుతో గోపన్న వైపు నడిచింది. ఆయన ముందు ఆగి మొహం చూసింది. మీసాలకు పప్పు, కుడిచేతి వేళ్లకు మెతుకులు ఉన్నాయి.

"నీ పుట్టి తేలుతాన్నప్పుడు నువ్వు యాడుంటివి?"

గోపన్న చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. నెల రోజులుగా పందిరి కింద నుంచి కదలలేదని, ఆ ఒక్క పూటే ఇంట్లో చింతచిగురు పప్పు చేశారంటే పోయానని, రెండు ముద్దలే తిన్నానని చెప్పాడు.

"మనిషి లేనిది పుట్టి యాడిది, గంప. గంగమ్మ గంపకోసం వచ్చిందా?" అని ముసలమ్మ నీళ్లలోకి దిగి, మా బావ పుట్టి అంచుకు పసుపు పూసింది. అక్కడితో ఆ ఏడాదికి మాట అయిపోయింది.

జనం కదిలిన తర్వాత గోపన్న మోకాలిలోతు నీళ్లలో పుట్టి దగ్గరికొచ్చాడు. కొట్లాటకేమో అని నేను గడ పట్టుకున్నాను. ఆయన పుట్టి అంచు మీద చెయ్యి వేశాడు.

"ఇసుక మీద ఉండాదని అనింటే ఎవరు కాదంటుండ్రి నాగప్పా? ఎందుకట్ల చెప్తివి?"

మా బావకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. మొహం చూస్తే నాకు తెలుసు, నిజంగానే అర్థం కాలేదు.

"తేలుతాంటే తేలుతాండె అంటారు గానీ, ఇంకేమంటారప్పా?" అన్నాడు. అవతలి గట్టున అప్పటికే ఎవరో పుట్టి కోసం కేకేస్తున్నారు. గోపన్న నా చేతిలో గడ తీసుకుని మా బావకు తోడుగా పుట్టిలోకి ఎక్కాడు, నేను దిగాను.